మూడు భాషల్లో ఒక పడవ

ఒకే వస్తువు ఒకే సమయంలో మూడు చోట్ల ఉండలేదన్న పాతకాలపు అపోహను మచిలీపట్నంలోని తీర సమన్వయ కార్యాలయం మూడేళ్ల క్రితమే తొలగించింది. (సముద్రానికి ఈ సంగతి ఇంకా రాతపూర్వకంగా తెలియజేయలేదు.)

ఆ కార్యాలయం చేయాల్సిన పని ఏమంత పెద్దది కాదు. దివిసీమ రేవుల నుంచి ఏ పడవ వేటకు వెళ్లింది, ఏది తిరిగొచ్చింది, రానిదాని కోసం వెతుకులాట లాంచీని ఎప్పుడు పంపాలి, ఇంతే. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, మెలకువగా ఉన్న ఒక మనిషి ఉంటే జరిగిపోయే పని కనుక దీనికి కంప్యూటర్ ప్రోగ్రాం తప్పనిసరి అని తేల్చారు. మూడు విభాగాలకు మూడు ప్రోగ్రాములైతే ఐకమత్యం దెబ్బతింటుందని అందరికీ కలిపి ఒకటే రాయించారు. అయితే రిజిస్ట్రేషన్ విభాగానికి దొరికిన కాంట్రాక్టరుకు పైథాన్ అనే భాష మాత్రమే వచ్చు. రేవు విభాగం తెప్పించిన యంత్రాలకు లూవా అనే భాష తప్ప అర్థం కాదు. గోడ మీద పెద్ద తెర నడిపే విభాగం వారు జావాస్క్రిప్ట్‌లో తప్ప పనిచేయబోమని తీర్మానం చేసి, కింద పదకొండు సంతకాలు పెట్టారు. అలా ఒకే ప్రోగ్రాంలో మూడు భాషలు కాపురం పెట్టాయి.

ప్రోగ్రాముల లోకంలో పడవను పడవ అనరు, ఆబ్జెక్ట్ అంటారు. పడవ పేరు, నంబరు, ఎక్కిన మనుషులు, ఇప్పుడెక్కడుంది అన్న వివరాలన్నీ మూటగట్టి కంప్యూటర్ మెమరీలో ఒకచోట పెడితే అదే ఆబ్జెక్ట్. ఆ ఒక్క మూటనూ మూడు భాషలూ వాడుకోవాలి. అందుకు రెండు దారులున్నాయి. మూటను ఒకచోట ఉంచి, మూడు భాషలకూ దాని చిరునామా మాత్రం ఇవ్వడం ఒకటి. ఎవరికి వారికి ఒక్కో కాపీ తీసి ఇవ్వడం రెండోది.

ఈ రెండింటిలో ఏది మంచిదో తేల్చడానికి భాషా సమన్వయ అధికారి పూర్ణచంద్రరావుగారికి ఒక్క నిమిషం పట్టింది. ఆయనకు ముప్పై ఒక్కేళ్ల సర్వీసు.

"ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకూడదండీ. ఇస్తే పోగొడతారు. కాపీలు ఇవ్వండి, అటెస్ట్ చేసి ఇవ్వండి" అన్నారు.

అప్పటి నుంచి ఆ ప్రోగ్రాంలో ఏ పడవైనా ఒక భాష నుంచి మరో భాషలోకి వెళ్లాలంటే దానికి జిరాక్స్ తీస్తారు. ప్రతి గురువారం ఉదయం పదకొండింటికి కాపీలన్నీ కొత్తవి తీసి పంచుతారు. మిగతా ఆరు రోజులూ ఏ భాషకా భాష తన కాపీలో తాను రాసుకుంటుంది. మూడు కాపీల్లో మూడు మాటలు ఉంటే ఎలాగన్న సందేహానికి పద్నాలుగో నిబంధనలో సమాధానం ఉంది. సీనియర్ భాష మాటే చెల్లుతుంది. పైథాన్ ఫైలు అందరికంటే పదకొండు రోజుల ముందు తెరిచారు కనుక సీనియర్ పైథానే. (ఏమీ లేదు అని చెప్పడానికి పైథాన్ 'నన్' అంటుంది, లూవా 'నిల్' అంటుంది, జావాస్క్రిప్ట్ 'అన్‌డిఫైన్డ్' అంటుంది. వీటిలో ఏ శూన్యాన్ని అధికారికంగా గుర్తించాలో తేల్చే ఉపసంఘం ఇప్పటికి నాలుగుసార్లు సమావేశమైంది. ఫలితం ఏమీ లేదు. అది ఏ భాషలో ఏమీ లేదో కూడా తేలలేదు.)

ఈ కార్యాలయంలో లిఖిత అనే అమ్మాయి కాంట్రాక్టు మీద ప్రోగ్రామరుగా చేరింది. గుడివాడలో ఇంజనీరింగ్ చదివింది, రోజూ గుడివాడ నుంచే రైల్లో వచ్చిపోతుంది. చేరిన పదో రోజునే తప్పు పట్టుకుంది. పడవ ఆబ్జెక్టును ఒకేచోట ఉంచి, మూడు భాషలూ అక్కడికే వచ్చి చూసుకునేలా చేద్దామని ఒక పేజీ నోట్ రాసి పెట్టింది. పూర్ణచంద్రరావుగారు నోట్ చదివి మెచ్చుకుని, మూడు విభాగాల అభిప్రాయం కోసం దాన్ని మూడు కాపీలు తీయించారు. ఆరు నెలల తర్వాత మూడు అభిప్రాయాలూ వచ్చాయి. మొదటి విభాగం ఒప్పుకుంది. రెండో విభాగం ఒప్పుకోలేదు. మూడో విభాగానికి అందిన కాపీలో రెండో పేరా పడలేదు.

నవంబరులో అల్పపీడనం పట్టింది. వేటలో ఉన్న పడవలన్నీ సోమవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఒడ్డుకు చేరాలని, మంగళవారం రాత్రికి గాలులు ఎక్కువవుతాయని హెచ్చరిక వచ్చింది. సోమవారం సాయంత్రం ఐదింటికి కార్యాలయం తన నివేదిక పైకి పంపింది. మొత్తం పడవలు రెండు వందల పద్నాలుగు, ఒడ్డున ఉన్నవి రెండు వందల పద్నాలుగు, వంద శాతం. ఆ లెక్క పైథాన్ దగ్గరున్న గురువారం నాటి కాపీల్లోంచి తీశారు. గురువారం పోటు ఎక్కువగా ఉండి ఎవరూ వేటకు వెళ్లలేదు కనుక అన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ తర్వాత వెళ్లిన పడవల్లో ఒక్కటి తప్ప అన్నీ మబ్బు చూసి తమంతట తాము తిరిగొచ్చేశాయి.

రాని ఆ ఒక్క పడవ నాగాయలంక దుర్గాశ్రీనివాస్‌ది. ఆదివారం తెల్లవారుజామున తన బావమరుదులిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లాడు. సోమవారం పొద్దుటి నుంచి ఫోను పలకలేదు.

అతని భార్య కనకమహాలక్ష్మి సోమవారమంతా రేవులోనే నిలబడింది. మంగళవారం పొద్దున్నే వెతుకులాట లాంచీ దగ్గరికి వెళ్లింది. దాన్ని నడిపే శామ్యూల్ రాజ్ ఆ ఊరివాడే.

"నాకు వెళ్లాలనే ఉంది చెల్లెమ్మా. కానీ ఉత్తర్వు నంబరు లేందే తాళం ఇవ్వరు. అది బందరు ఆఫీసు నుంచి రావాలి. నువ్వెళ్లి వాళ్లనడుగు. నేను లాంచీలోనే కూచునుంటాను" అన్నాడు.

ఆమె అవనిగడ్డ మీదుగా బస్సులో బందరు చేరేసరికి పదిన్నరైంది. కౌంటరులో దైవాధీనం అనే గుమాస్తా పడవ నంబరు అడిగి, కంప్యూటర్‌లో చూసి, చల్లగా నవ్వాడు.

"కంగారేం లేదమ్మా. మీ పడవ ఒడ్డునే ఉంది."

"ఏ ఒడ్డునండీ?"

దైవాధీనం మళ్లీ తెర వంక చూశాడు. ఏ ఒడ్డు అన్న గడి అందులో లేదు. "మన ఒడ్డునేనమ్మా" అన్నాడు.

"మా ఆయన ఒడ్డున ఉంటే నేను పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికెందుకొస్తానండీ?"

"అది మీ ఇంటి విషయమమ్మా. అందులో మేం కల్పించుకోకూడదు."

కనకమహాలక్ష్మి అవనిగడ్డ మార్కెట్లో పదిహేనేళ్లుగా చేపలమ్ముతున్న మనిషి. కౌంటరు ముందు నుంచి కదల్లేదు. గొంతు పెరిగేసరికి పూర్ణచంద్రరావుగారే గదిలోంచి బయటికొచ్చారు. ఆయన కఠినుడు కాడు. ఆమెకు కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు, పద్నాలుగో నిబంధన చదివి వినిపించారు.

"ముగ్గురు మనుషులండీ. మా ఆయన, నా తమ్ముళ్లిద్దరూ" అంది ఆమె.

"ఆ ముగ్గురి పేర్లూ ఒడ్డున ఉన్నవాళ్లలోనే ఉన్నాయి తల్లీ. చూడండి, నేనే సంతకం పెట్టాను. నిన్న సాయంత్రం వంద శాతం అని పంపేశాం. ఇప్పుడు తొంభై తొమ్మిదిన్నర అంటే పైవాళ్లు మనల్ని నమ్ముతారా?"

"మీ యంత్రం చెప్పింది సరే. నేను చెప్తున్నాను కదండీ, రాలేదని."

"మీరు చెప్పింది నోటిమాట అవుతుందమ్మా. ఎల్లుండి గురువారం. పదకొండింటికి కొత్త కాపీలు తీస్తాం. నిజంగానే సముద్రంలో ఉంటే అందులో తేలిపోతుంది."

తేలిపోతుంది అన్న మాట ఆయన మామూలుగానే అన్నారు. కనకమహాలక్ష్మి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న లిఖిత లేచి ఆమె దగ్గరికొచ్చింది.

"అక్కా, పడవ నంబరు నాకొకసారి చెప్పండి."

లిఖిత రేవు విభాగం తాలూకు లూవా కాపీ తెరిచి చూసింది. అందులో పడవ సముద్రంలోనే ఉంది. ఆదివారం ఉదయం నాలుగూ నలభైకి రేవు దాటినట్టు యంత్రం సరిగ్గానే రాసుకుంది. పైథాన్ కాపీలో పడవ ఒడ్డున ఉంది. తెర నడిపే జావాస్క్రిప్ట్ కాపీలో అన్‌డిఫైన్డ్ అని ఉంది. మూడు భాషలూ ఒకే కంప్యూటర్‌లో, ఒకే ప్రోగ్రాంలో ఉండి, ఒకదాని మాట ఒకటి వినకుండా రెండు రోజులు గడిపాయి.

"సార్, లూవాలో సముద్రంలో ఉందని స్పష్టంగా ఉంది. చూడండి" అంది లిఖిత.

"లూవా జూనియర్ కదమ్మా" అన్నారు పూర్ణచంద్రరావుగారు.

"పోనీ మీరు చేత్తో ఉత్తర్వు రాసివ్వండి సార్."

"చేత్తో రాసే అధికారం ప్రోగ్రాం వచ్చిన రోజే రద్దయింది. తెర విభాగం ప్రింటరులోంచి ఉత్తర్వు దానంతటదే రావాలి. వస్తే నేను ఆపలేను. రాకపోతే నేను ఇవ్వలేను." ఆ వాక్యం ఆయనకే నచ్చినట్టుంది, తల ఊపుకుంటూ గదిలోకి వెళ్లిపోయారు.

లిఖిత గడియారం చూసింది. పదకొండూ పది. ఆరు నెలల కిందటి నోట్‌తో పాటు తాను రాసిపెట్టుకున్న ప్రోగ్రాం ముక్క ఆమె దగ్గరే ఉంది, కానీ ఎప్పుడూ నడిపి చూడలేదు. ఇది నడిపితే ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఒక్క క్షణం ఆలోచించుకుంది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుంది.

కనకమహాలక్ష్మి వచ్చి వెనక నిలబడింది. "ఏం చేస్తున్నావమ్మా?"

"మీ పడవకి ఇక్కడ మూడు కాపీలున్నాయక్కా. ఆ మూడూ తీసేసి ఒక్కటే ఉంచుతున్నాను. అందరూ దాన్నే చూస్తారు."

"ఉన్నది ఒక్క పడవే కదమ్మా. మూడెందుకు చేశారు?"

లిఖిత టైపు చేస్తూనే ఉంది. (ఈ ప్రశ్నకు సమాధానం ఆ కార్యాలయంలో ఎవరి దగ్గరా లేదు. కాకపోతే మిగతావాళ్లను ఎవరూ అడగలేదు.)

పన్నెండింటికి మొదటిసారి నడిపింది. గోడ మీది తెర ఒకసారి ఆరి వెలిగింది. జాబితాలో దుర్గాశ్రీనివాస్ పడవ వరుస ఎర్రగా మెరిసింది, వెంటనే మాయమైంది. ఒడ్డున లేదు, సముద్రంలోనూ లేదు, అసలు అలాంటి పడవే లేదు. పైవరుసా కిందివరుసా దగ్గరికి జరిగి ఆ ఖాళీని పూడ్చేశాయి.

కనకమహాలక్ష్మి గట్టిగా అరిచింది. దైవాధీనం కుర్చీలోంచి లేచాడు.

"ఏమీ కాలేదక్కా, అది కంప్యూటర్‌లోనే. కంప్యూటర్‌లో మాత్రమే" అంటూ లిఖిత ఆమె చేయి పట్టుకుంది. ఆ మాట ఆమెకు చెబుతోందో తనకు చెప్పుకుంటోందో తెలియలేదు.

తప్పెక్కడో కనిపెట్టడానికి అరగంట పట్టింది. మూడు భాషలూ ఇప్పుడు ఒకే మూటను చూస్తున్నాయి, అంతవరకూ బాగానే ఉంది. కానీ లూవాకు ఒక అలవాటు ఉంది. తన పని అయిపోగానే ఇక అవసరం లేదనుకున్నవాటిని ఊడ్చి పారేస్తుంది. ఇంతకాలం తన కాపీనే పారేసేది కనుక ఎవరికీ నష్టం లేకపోయింది. ఇప్పుడు మిగతా ఇద్దరూ చూస్తుండగానే అసలు మూటను పారేసింది. లిఖిత మూటకు ఒక లెక్క తగిలించింది. ఎంతమంది పట్టుకుని ఉన్నారో ఆ లెక్క చెబుతుంది. ఒకరు వదిలితే ఒకటి తగ్గుతుంది. ఆఖరివాడు వదిలేదాకా మూట పోదు. అంత చేశాక, రేవు యంత్రం ఆదివారం రాసిన వివరాలతో పడవను మళ్లీ మెమరీలోకి ఎక్కించింది.

ఒంటిగంటకు రెండోసారి నడిపింది. తెర మీద పడవ వరుస వచ్చింది. ఈసారి పోలేదు. 'సముద్రంలో ఉంది. ముగ్గురు మనుషులు. గడువు దాటి ఇరవై ఐదు గంటలు.' మూడు విభాగాల తెరల మీదా అదే మాట కనిపించింది. మూడేళ్లలో ఆ మూడు విభాగాలూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు.

మూలన ఉన్న ప్రింటరు గరగరలాడి ఒక కాగితం బయటికి తోసింది. వెతుకులాట ఉత్తర్వు, నంబరు ఒకటి. ఆ చప్పుడుకు పూర్ణచంద్రరావుగారు గదిలోంచి వచ్చి నిలబడిపోయారు.

"ఈ ప్రింటరు పనిచేస్తుందా?" అన్నారు.

అదే నంబరు నాగాయలంకలో శామ్యూల్ రాజ్ ఫోనుకూ చేరింది. తాళం ఇప్పించుకోవడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. రేవు పక్కనున్న నది వెంబడే దిగువకు వెళ్లి, అది సముద్రంలో కలిసేచోట అలల్ని చీల్చుకుంటూ రెండు గంటలు వెతికాడు. నాలుగు గంటలప్పుడు, పాలకాయతిప్ప ఎదురుగా సముద్రంలో ఒక ఇసుక మేట దగ్గర తిరగబడ్డ పడవ అడుగు కనిపించింది. దాని చుట్టూ తాడు కట్టుకుని ముగ్గురూ వేలాడుతున్నారు. సోమవారం పొద్దున ఇంజను చచ్చిపోయింది, సాయంత్రం పడవ తిరగబడింది. అప్పటి నుంచి అలాగే ఉన్నారు. చిన్న బావమరిది స్పృహలో లేడు. శ్రీనివాస్ అతని చొక్కా కాలరును ఒక చేత్తో, తాడును ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు. లాంచీలోకి ఎక్కించాక కూడా ఆ కాలరు వదల్లేదు. శామ్యూల్ రాజ్ వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది.

దొరికారని కబురు వచ్చినప్పుడు కనకమహాలక్ష్మి కార్యాలయం మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. లిఖితను దగ్గరికి లాక్కుని, బుగ్గలు రెండూ నిమిరి, "మీ అమ్మ ఏ వేళ కన్నదో" అని మాత్రం అంది. చీకటి పడకముందే బస్సు దొరికింది. ఆ రాత్రి గాలులు చెప్పినట్టే వచ్చాయి. ఆమె చిన్న తమ్ముడికి అవనిగడ్డ ఆసుపత్రిలో మూడో రోజుకు తెలివొచ్చింది.

ఇంతటి ఘటన జరిగాక కార్యాలయం చూస్తూ ఊరుకోలేదు. మర్నాడే విచారణ మొదలుపెట్టింది.

విచారణలో తేలినవి ఇవి. తెర మీద కనిపించిన పడవ అటెస్ట్ కాని ఒరిజినల్ కనుక అది చూపించిన సమాచారం చెల్లదు. చెల్లని సమాచారం మీద పుట్టిన ఉత్తర్వు కూడా చెల్లదు కనుక నంబరు ఒకటిని పుట్టిన తేదీ నుంచే రద్దు చేశారు. ఉత్తర్వు లేదు కనుక వెతుకులాట జరగలేదు. శామ్యూల్ రాజ్ ఆ మధ్యాహ్నం ఇంజను పరీక్షించడానికి లాంచీ నడిపినట్టు నమోదైంది. చెల్లుబాటయ్యే గురువారం కాపీ ప్రకారం పడవ ఒడ్డునే ఉంది కనుక వంద శాతం నివేదిక యథాతథంగా నిలిచింది. తుపాను సన్నద్ధతలో ఈ కార్యాలయాన్ని ఆదర్శంగా తీసుకోవాలని పైనుంచి ఉత్తరం కూడా వచ్చింది. ప్రోగ్రాంను పాత పద్ధతికి మార్చారు.

లిఖితను క్షమాపణ రాసివ్వమన్నారు. పూర్ణచంద్రరావుగారు ఆమె మంచికోరే చెప్పారు.

"ఒక్క లైను రాయమ్మా లిఖితా. నిబంధన తెలియక చేశానని. కాంట్రాక్టు నేను పొడిగిస్తాను. పని తెలిసిన పిల్లవి."

"తెలిసే చేశాను సార్."

"తెలిసి చేశానని ఎవరైనా రాస్తారా?"

ఆమె రాయలేదు. ఆ నెలాఖరుకు కాంట్రాక్టు ముగిసింది. ఇప్పుడు గుడివాడలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతోంది. పిల్లలు ఇష్టపడతారని విన్నాను.

మిగిలింది దుర్గాశ్రీనివాస్. సొంత పడవ ఇసుక మేట మీదే ముక్కలైపోయింది. వాళ్ల బాబాయి పడవలో వేటకు వెళ్దామంటే కార్యాలయం ఇచ్చే అనుమతి టోకెన్ కావాలి. టోకెన్ కోసం భార్యాభర్తలిద్దరూ డిసెంబరు మొదటి వారంలో బందరు వచ్చారు. దైవాధీనం ఒక కాగితం ముందుకు జరిపాడు.

"ఇందులో ఏం రాశారండీ?" అన్నాడు శ్రీనివాస్.

"ఆ సోమ, మంగళవారాలు మీరు ఒడ్డునే ఉన్నారని. చిన్న డిక్లరేషను."

"ఒడ్డునున్నోణ్ణి లాంచీలో ఎందుకు తెచ్చారండీ?"

"అందుకేనండీ, తీసుకురాలేదు."

శ్రీనివాస్ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువుకున్నవాడే, ఒకటికి రెండుసార్లు చదివాడు.

"సంతకం పెట్టమాక మావా. సచ్చి బతికినోడివి, ఆ ముక్క కూడా లేదనిపించుకుంటావా?" అంది కనకమహాలక్ష్మి.

"పెట్టకపోతే టోకెన్ లేదంట కదే."

"లేకపోతే పోయింది."

"పోతే, ఇంట్లో కూచుని ఏం చెయ్యను? ఒడ్డున ఉండటం నాకు చాతకాదు" అన్నాడు శ్రీనివాస్. తర్వాత పెన్ను తీసుకున్నాడు.

తాడు కోసుకుపోయిన వేళ్లు ఇంకా మానలేదు. పెన్ను సరిగ్గా నిలవలేదు, సంతకం వంకరగా వచ్చింది. దైవాధీనం దాన్ని రిజిస్ట్రేషన్ కాపీలోని సంతకం పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, శ్రద్ధగా పోల్చి చూశాడు.

"కలవడం లేదండీ. ఒడ్డున ఉన్నది మీరే అయితే సరిగ్గా పెట్టాలి కదా" అంటూ ఇంకో కాగితం తీశాడు.